సరుకు నచ్చాక ఆర్డర్ ఎక్కడ ఆగిపోతోంది? గోదావరి జిల్లాల ఆన్‌లైన్ అమ్మకందారులకు చెల్లింపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజా, నరసాపురం లేసు, ఉప్పాడ జాందానీ, రొయ్యల పచ్చళ్లు, కడియం మొక్కలు. వీటిని సొంత వెబ్‌సైట్‌లోనో వాట్సాప్ కేటలాగ్‌లోనో అమ్మేవారి కోసం ఈ పేజీ. సరుకు నచ్చి, కార్టులో వేసుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన మనిషి గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. ప్రకటనల ఖర్చు పెంచేముందు ఆ మనిషి ఎందుకు వెళ్లిపోయాడో చూసుకోవడం చవక.

ఎన్ని రకాల చెల్లింపులు పెట్టాలి? ఎక్కువ పెడితే మంచిదేనా?

కాదు. పేమెంట్ గేట్‌వే (సైటులో కట్టిన డబ్బును మీ ఖాతాకు చేర్చే సంస్థ) వాళ్లు ఇచ్చే ఇరవై బొమ్మలూ పేజీ మీద పరిచేస్తే కొనేవాడు తికమకపడతాడు. పైన మూడు చాలు: యూపీఐ, కార్డు, సరుకును బట్టి క్యాష్ ఆన్ డెలివరీ (సీవోడీ, సరుకు అందాక డబ్బు కట్టడం). నెట్ బ్యాంకింగ్, వాలెట్లు, ఈఎంఐ లాంటివి "మరికొన్ని మార్గాలు" అని కింద మడిచిపెట్టండి. కావలసినవాళ్లు విప్పుకుంటారు.

వరుస ఎంత ముఖ్యమో, రాసే మాట కూడా అంతే ముఖ్యం. మన దగ్గర "యూపీఐ ద్వారా చెల్లించండి" అని ఎవరూ మాట్లాడరు. "ఫోన్‌పే కొట్టేయండి" అంటారు, కట్టేది గూగుల్ పేతో అయినా సరే. బటన్ మీద "ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, ఏ యూపీఐ యాప్‌తోనైనా" అని తెలుగులో రాయండి. బటన్ కిందే మొత్తం ఎంతో కొరియర్ ఖర్చుతో కలిపి కనిపించాలి. 640 అనుకుని వచ్చినవాడికి చివరి పేజీలో 735 కనిపిస్తే, అతను వెళ్లిపోవడానికి కారణం చెల్లింపు పద్ధతి కాదు. పైగా ఖర్చుల్ని చివర్లో ఒక్కొక్కటే బయటపెట్టడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాణ్ని తప్పుదారి పట్టించే ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుగా లెక్కగట్టాయి.

మా కొనుగోలుదారులు ఏది ఇష్టపడతారో ఎలా తెలుస్తుంది?

చివరి 100 ఆర్డర్లు తీసి ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: డబ్బు కట్టినవారి ఫోన్ నంబరు, సరుకు అందుకున్నవారి ఫోన్ నంబరు, డెలివరీ పిన్‌కోడ్. పిన్‌కోడ్ 533తోనో 534తోనో మొదలైతే అది గోదావరి జిల్లాల ఆర్డర్.

ఈ లెక్క వేస్తే మన ప్రాంతపు వింత ఒకటి బయటపడుతుంది. చాలా ఆర్డర్లలో కట్టేది ఒకరు, అందుకునేది ఇంకొకరు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు పాలకొల్లులో అమ్మకు చీర పంపిస్తాడు. దీనికి తలకిందులుగా, అమలాపురంలో ఉన్న తండ్రి బెంగళూరులో కూతురికి సున్నుండలు పంపిస్తాడు. మొదటి రకానికి క్యాష్ ఆన్ డెలివరీ అస్సలు పనికిరాదు. కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి 1,850 అడిగితే ఆవిడ "మావోడు కట్టేసేనన్నాడే" అని పార్శిల్ వెనక్కి పంపేస్తుంది. అందుకని చెకౌట్‌లో (డబ్బు కట్టే పేజీలో) "ఇది వేరేవాళ్లకు పంపుతున్నారా?" అనే చిన్న గడి పెట్టి, టిక్కు పెడితే సీవోడీ మాయమయ్యేలా చేయండి. పార్శిల్ మీద పెద్ద అక్షరాలతో "డబ్బు కట్టేశారు, మీరేమీ ఇవ్వనక్కర్లేదు" అని తెలుగులో చీటీ అంటించండి. ఈ చీటీకి పెద్ద ఖర్చు ఉండదు. మోసపోతామేమోనని పెద్దవాళ్లు తలుపు దగ్గరే తిప్పి పంపడం దీనితో బాగా తగ్గుతుంది.

సొంత క్యూఆర్ ఉంది కదా, గేట్‌వే ఎందుకు?

రోజుకు ఐదారు ఆర్డర్లయితే క్యూఆర్‌తో నెట్టుకు రావచ్చు. అంతకు మించితే ఎవరు ఏ ఆర్డర్‌కు కట్టారో సరిచూసుకోవడానికే ఒక మనిషి కావాలి. ఇద్దరు ఒకే నిమిషంలో 450 కడితే ఏది ఎవరిదో తెలియదు. గేట్‌వేలో ప్రతి చెల్లింపూ ఆర్డర్ నంబరుతో ముడిపడి వస్తుంది.

గేట్‌వే ఖాతాకు మామూలుగా అడిగేవి: పాన్, వ్యాపారం పేరున బ్యాంకు ఖాతా, జీఎస్టీ నమోదు లేదా ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) ధ్రువపత్రం, తినే సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. వీటికన్నా ఎక్కువ దరఖాస్తులు ఆగేది వెబ్‌సైట్ దగ్గర. చిరునామా, ఫోన్ నంబరు ఉన్న సంప్రదింపు పేజీ, వాపసు విధానం, డెలివరీ ఎన్ని రోజులో చెప్పే పేజీ, గోప్యతా విధానం, నిబంధనలు అన్నీ తెరుచుకుంటూ ఉండాలి. ఇంకో సైటు నుంచి కాపీ కొట్టి, అందులోని ఊరిపేరు మార్చడం మరిచిపోయినవే ఎక్కువ తిరిగొస్తాయి.

ఇచ్చిన బ్యాంకు ఖాతా ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఒకసారి చూసుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత కోడ్ పనిచేయదు. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్ చూసి కోడ్ రాస్తే ఇబ్బంది. కొత్త చెక్కు మీద ఉన్నదే రాయండి. డ్వాక్రా సంఘం పేరున అమ్ముతుంటే ఖాతా కూడా సంఘం పేరునే ఉండాలి, అధ్యక్షురాలి సొంత ఖాతా ఇవ్వకూడదు.

క్యూఆర్ స్కాన్ చేస్తే షాపు పేరు కాకుండా మా ఇంటాయన పేరు వస్తోంది. కొనేవాళ్లు భయపడుతున్నారు. ఏం చేయాలి?

2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. మీరు ఫోన్లో పెట్టుకున్న ముద్దుపేరు కనిపించదు. అసలు పరిష్కారం షాపు పేరున కరెంటు ఖాతా తెరిచి దాని మీద మర్చంట్ క్యూఆర్ తీసుకోవడమే. అది వచ్చేదాకా క్యూఆర్ పక్కన "కట్టేటప్పుడు మీకు ఫలానా పేరు కనిపిస్తుంది, అది మా యజమాని పేరు" అని ముందే రాసేయండి. కనిపించే పేరూ రాసిన పేరూ అక్షరం తేడా లేకుండా కలిస్తే భయం పోతుంది.

ఫోన్లో యూపీఐ బటన్ నొక్కితే యాప్ తెరుచుకోవడం లేదంటున్నారు. తప్పు ఎక్కడుంది?

ముందు వాళ్లు మీ సైటును ఎక్కడ తెరిచారో అడగండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింకు నొక్కితే సైటు ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఫోన్‌పేకి దూకే దారి చాలాసార్లు మూసుకుపోయి ఉంటుంది. రీల్స్ చూసి కొనేవాళ్లే ఎక్కువైన షాపుకు ఇది పెద్ద చిల్లు. చెకౌట్ పేజీ పైన "పైనున్న మూడు చుక్కలు నొక్కి, క్రోమ్‌లో తెరవండి" అని చూపించండి. లేదా ఆర్డర్ అక్కడే నమోదు చేసుకుని, పేమెంట్ లింకును వాట్సాప్‌కు పంపండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి పని జరుగుతుంది.

క్యూఆర్ ఒక్కటే పెట్టి వదిలేయడం ఇంకో పొరపాటు. ఎవరి ఫోన్ తెరను వాళ్లే స్కాన్ చేయలేరు కదా. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీ నుంచి ఎక్కించవచ్చు గానీ, అలా ఎక్కించిన క్యూఆర్‌కు సాధారణంగా 2,000 రూపాయల పరిమితి అడ్డొస్తుంది. లేసు టేబుల్ క్లాత్ 3,200 అయితే అక్కడే ఆగిపోతుంది. ఫోన్లో చూస్తే యాప్ తెరిచే బటన్లు, కంప్యూటర్లో చూస్తే క్యూఆర్ వచ్చేలా గేట్‌వేలో అమర్చండి.

యూపీఐ ఐడీ టైపు చేస్తే రిక్వెస్టు పంపే పాత పద్ధతి మీద ఆధారపడకండి. మోసాలు ఎక్కువై, వ్యక్తి నుంచి వ్యక్తికి పంపే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. అంటే కొనేవాళ్లకు మీ సొంత ఖాతా నుంచి రిక్వెస్టు పంపి వసూలు చేసుకునే అలవాటు ఇక చెల్లదు.

మరో రెండు పరిమితులు. మామూలు దుకాణానికి యూపీఐ మీద రోజుకు 1 లక్ష వరకే. కొత్త ఫోన్లో యూపీఐ పెట్టుకున్నవారికి మొదటి 24 గంటలు 5,000 వరకే. పండగకు కొత్త ఫోన్ కొన్నవాళ్లు "బ్యాంకులో డబ్బుంది, అయినా పోవట్లేదు" అంటే ముందు ఇది అడగండి.

డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు అని ఫోన్లు వస్తున్నాయి.

ఈ ఫోన్లలో సగానికి మీ సైటే కారణం కావచ్చు, బ్యాంకు కాదు. జరిగేది ఇది. కొనేవాడు ఫోన్‌పేలో పిన్ కొడతాడు. ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. టింగుమంటుంది. పని అయిపోయిందని ఫోన్ జేబులో పెట్టేస్తాడు. మీ సైటు మాత్రం అతను తిరిగి తన పేజీకి వస్తే తప్ప ఆర్డర్ ఖాయం చేయని పద్ధతిలో రాసి ఉంటుంది. డబ్బు గేట్‌వేకి చేరింది, ఆర్డర్ మాత్రం "పెండింగ్"లో పడుకుంది.

దీనికి మందు వెబ్‌హుక్. డబ్బు అందగానే గేట్‌వే సర్వరు నేరుగా మీ సైటు సర్వరుకు కబురు చెప్పే ఏర్పాటు అది. కొనేవాడు తిరిగొచ్చాడా లేదా అనేదానితో దానికి పని లేదు. సైటు చేసిన కుర్రాణ్ని ఈ నాలుగూ అడగండి: వెబ్‌హుక్ పెట్టారా, ఆ కబురు నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందని సంతకం సరిచూస్తున్నారా, ఒకే కబురు రెండుసార్లు వస్తే రెండు ఆర్డర్లు పడకుండా చూశారా, ఆటో క్యాప్చర్ (కార్డు డబ్బును దానంతటదే వసూలు చేసుకునే అమరిక) ఆన్‌లో ఉందా. చివరిది ఆఫ్‌లో ఉంటే కార్డు డబ్బు మీకు అందినట్టే కనిపించి, కొన్ని రోజుల తర్వాత కొనేవాడికి తిరిగి వెళ్లిపోతుంది. ఈలోగా మీరు సరుకు పంపేసి ఉంటారు.

నిజంగానే మధ్యలో చిక్కుకున్న డబ్బు సంగతి వేరు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువుల ప్రకారం, దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు అందకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఫోన్ చేసినవారికి ఇదే చెప్పండి: "మీ యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు వివరాల్లో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు పంపండి, మా దగ్గర పడిందో లేదో ఇప్పుడే చూసి చెబుతాం. పడకపోతే 5 రోజుల్లో మీ ఖాతాలోకే వస్తుంది. మళ్లీ కట్టకండి." ఆ చివరి మాట చెప్పకపోతే రెండోసారి కట్టేస్తారు. అప్పుడు మొదటిదీ అందితే వాపసు పని మీ నెత్తిన పడుతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాలా వద్దా?

సరుకు తిరిగొస్తే మళ్లీ అమ్మగలరా? జవాబు అక్కడుంది. ఒకప్పుడు వీపీపీలో పుస్తకాలు తెప్పించుకున్న ఊళ్లివి. వచ్చాక కట్టడం మనకు కొత్తేమీ కాదు. కానీ పూతరేకులు పుస్తకాలు కావు.

లెక్క కోసం ఒక 800 రూపాయల ఆర్డర్ తీసుకుందాం. సరుకు, ప్యాకింగ్ కలిపి 510, కొరియర్ 90, మిగులు 200. సీవోడీ వసూలు రుసుము 45. తిరిగొస్తే వెనక్కి తెచ్చినందుకు ఇంకో 90. ఆన్‌లైన్ చెల్లింపైతే గేట్‌వేకి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 16 + 2.88, మొత్తం 18.88.

సీవోడీ మీద 100 ఆర్డర్లు పంపితే 20 తిరిగొచ్చాయనుకోండి. అందిన 80కి ఒక్కోదాని మీద 155 చొప్పున 12,400 మిగులు. సరుకు పూతరేకులైతే తిరిగొచ్చేసరికి రేకులు పొడైపోయి ఉంటాయి, పారేయాల్సిందే. అప్పుడు ఒక్కో తిరుగు పార్శిల్‌కు 510 + 90 + 90, అంటే 690 నష్టం. ఇరవైకి 13,800. మొత్తం మీద 1,400 చేతి నుంచి పడింది. 80 మందికి అమ్మి నష్టపోయారన్నమాట. అదే సీవోడీ తీసేస్తే 100లో 60 మందే ముందు కట్టారనుకున్నా, 181.12 చొప్పున 10,867 మిగులుతుంది.

అదే లెక్క లేసు డాయిలీకి (బల్ల మీద పరిచే చిన్న లేసు గుడ్డకు) వేయండి. తిరిగొచ్చినా మళ్లీ అమ్ముకోవచ్చు కాబట్టి తిరుగు పార్శిల్‌కు పోయేది 180 మాత్రమే. 20కి 3,600. మిగులు 8,800. సీవోడీ తీసేస్తే దాన్ని అందుకోవడానికి 49 మంది ముందు కట్టాలి. అంతమంది కట్టరని మీ అనుభవం చెబితే లేసుకు సీవోడీ ఉంచండి.

అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి ఇదే. తినే సరుకుకు, మొక్కలకు, చీర మీద పేరు నేయించే ఆర్డర్లకు పూర్తి సీవోడీ వద్దని మా గట్టి అభిప్రాయం.

పూర్తిగా తీసేస్తే అమ్మకాలు పడిపోతాయేమో?

మధ్యేమార్గం ఉంది: కొంత ముందు, మిగతాది గుమ్మంలో. ముందు తీసుకునేది రానూపోనూ కొరియర్ ఖర్చుకు తగ్గకూడదు. పై లెక్కలో 180, గుండుగుత్తగా 200 పెట్టండి. 200 ఫోన్‌పే కొట్టినవాడు పార్శిల్ వచ్చినప్పుడు ఇంట్లోనే ఉంటాడు.

"ముందు కడితే 40 తగ్గింపు" అని పెట్టడం, "సీవోడీకి 40 అదనం" అని పెట్టడం లెక్కకు ఒకటే, మనసుకు ఒకటి కాదు. మొదటిదే పెట్టండి. యూపీఐకి గానీ డెబిట్ కార్డుకు గానీ అదనపు రుసుము మాత్రం వేయకండి.

ఆర్డర్ పడిన గంటలోపు ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం ఇంకొకటి. మన పల్లెల చిరునామాలు ఇంటి నంబరుతో దొరకవు. "రామాలయం వీధి, చెరువుగట్టు మలుపులో కొబ్బరికాయల కొట్టు ఎదురుగా" అనేదే అసలు చిరునామా. ఫోన్లో అది అడిగి లేబుల్ మీద రాయండి. రెండో ఫోన్ నంబరు కూడా తీసుకోండి. తెచ్చేవాడి దగ్గర క్యూఆర్ ఉంటుందో లేదో మీ కొరియర్ సంస్థను అడగండి. ఇంట్లో నగదు లేక, 500 నోటుకు చిల్లర లేక తిరిగొచ్చే పార్శిళ్లు దానితో ఆగుతాయి.

లంక గ్రామాలకు సీవోడీ ఇవ్వచ్చా?

వేసవిలో ఇవ్వచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదొస్తే కొన్ని లంకలకు పడవ తప్ప దారి ఉండదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు కూడా ఆగిపోతుంది. పార్శిల్ హబ్‌లో వారం కూర్చుంటే కొనేవాడి మనసు మారిపోతుంది. సైటులో పిన్‌కోడ్ వారీగా సీవోడీని ఆన్ ఆఫ్ చేసే వీలు పెట్టుకుని, దవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజునే ఆ పిన్‌కోడ్లకు ఆపండి. తుఫాను హెచ్చరికలప్పుడూ అంతే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటింది నరసాపురం దగ్గరే. కరెంటు, సిగ్నలు లేని ఊరికి ఓటీపీ రాదు, కొరియర్ కూడా రాడు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు కట్టలేకపోతున్నారు. ఎలా?

కోనసీమ షాపులకు ఇది పక్కన పెట్టే ప్రశ్న కాదు. ముందు వాళ్ల దగ్గర ఏముందో చూడాలి.

ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతా) ఉన్నవారు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకునేలా 2023 జనవరిలో ఎన్‌పీసీఐ 10 దేశాలకు వీలిచ్చింది: సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతర్, అమెరికా, సౌదీ అరేబియా, యూఏఈ, బ్రిటన్. మనవాళ్లు ఎక్కువగా ఉండే కువైట్ ఆ జాబితాలో లేదు. కువైట్ నుంచి కట్టేవారు ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో ఉంచుకుని యూపీఐ వాడటమో, ఎన్ఆర్ఈ ఖాతా డెబిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్‌తో కట్టడమో చేయాలి. ఓటీపీ ఇండియా నంబరుకే వెళ్తుంటే ఆ సిమ్ ఎవరి దగ్గరుందో ముందే చూసుకోమనండి. ఊళ్లో నాన్నగారి ఫోన్లో ఉంటే ఆయన నిద్రపోయే వేళ ఆర్డర్ పెట్టి లాభం లేదు.

విదేశీ బ్యాంకు ఇచ్చిన కార్డులు తీసుకోవాలంటే గేట్‌వేలో "అంతర్జాతీయ చెల్లింపులు" విడిగా అడిగి తెరిపించుకోవాలి. మామూలు ఖాతాలో అవి మూసి ఉంటాయి. రుసుము దేశీ కార్డు కన్నా ఎక్కువ. పెద్ద ప్రమాదం వేరే ఉంది: విదేశీ కార్డులు చాలావాటికి ఓటీపీ అడగరు. కార్డు యజమాని "ఇది నేను కట్టలేదు" అని తన బ్యాంకుకు చెబితే డబ్బు మీ నుంచి వెనక్కి లాగుతారు, అదీ నెలల తర్వాత. కాబట్టి అలాంటి ఆర్డర్లకు డెలివరీ సంతకం, వాట్సాప్ సంభాషణ, బిల్లు కనీసం ఆరు నెలలు దాచండి. మొదటిసారి కొనే విదేశీ కార్డు మీద 15,000 చీర ఆర్డర్ వస్తే ఒకసారి వీడియో కాల్ చేసి మాట్లాడాకే పంపండి. సరుకు విదేశానికే వెళ్లాలంటే అది ఎగుమతి. ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) నంబరు కావాలి, లెక్క వేరే.

స్క్రీన్‌షాట్ చూపిస్తే సరుకు పంపేయవచ్చా?

వద్దు. దొంగ స్క్రీన్‌షాట్ తయారుచేసే యాప్‌లున్నాయి, టింగుమనే శబ్దంతో సహా. సంక్రాంతి ముందు వారం రద్దీలోనే ఇవి ఎక్కువ దూరతాయి. మీ బ్యాంకు యాప్‌లోనో మర్చంట్ యాప్‌లోనో డబ్బు పడిందని కళ్లారా చూశాకే ప్యాకింగ్. "పొరపాటున ఎక్కువ కట్టాను, తేడా పంపండి" అనేవాళ్లకు వేరే నంబరుకు పంపకండి. గేట్‌వే నుంచి వచ్చిన దారిలోనే వాపసు వేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టమంటున్నారంటే మీ డబ్బు పోతోందని అర్థం.

ఇంకో చిక్కు ఉంది. ఎక్కడో మోసపోయినవారి డబ్బు మీ ఖాతాలోకి వస్తే, సైబర్ ఫిర్యాదు మీద బ్యాంకు ఆ మొత్తాన్నో, ఒక్కోసారి ఖాతానో ఆపేస్తుంది. అందుకే ఇంటి ఖర్చుల ఖాతా, షాపు ఖాతా వేరుగా ఉంచండి. బిల్లు, కొరియర్ ట్రాకింగ్, ఆర్డర్ వివరం ఒకే ఫైలులో ఉంటే బ్యాంకుకు జవాబివ్వడం తేలిక. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలు దాటితే డబ్బు దొరకదు.

కడియం నర్సరీ టోకు ఆర్డర్ 3 లక్షలు. ఎలా తీసుకోవాలి?

యూపీఐలో పట్టదు. 2 లక్షలు, ఆపైన ఆర్టీజీఎస్. తక్కువైతే నెఫ్ట్. రెండూ ఇప్పుడు సెలవు రోజుల్లోనూ రాత్రింబవళ్లూ పనిచేస్తాయి. 2 లక్షలు, అంతకుమించి నగదు ఒకే మనిషి నుంచి ఒక రోజులో తీసుకోకూడదు, ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. లారీ ఎక్కించేటప్పుడు సంచితో డబ్బు తెచ్చే పాత గిరాకీలకు ముందే చెప్పండి. గేట్‌వేలో వర్చువల్ ఖాతా నంబరు తీసుకుంటే ఒక్కో టోకు కొనుగోలుదారుకు ఒక్కో నంబరు ఇవ్వచ్చు, ఎవరు పంపారో వెతకనక్కర్లేదు.

చీరలకు వాయిదాలు పెడితే అమ్ముడవుతాయా?

జాందానీ లాంటి ఖరీదైన చీరలకు పనికొస్తుంది, 900 రూపాయల చీరకు కాదు. "వడ్డీ లేని ఈఎంఐ" అంటే వడ్డీ మాయమైపోలేదు, అది మీరు కడుతున్నారు. మీ మిగులులో అంత చోటుంటేనే పెట్టండి. యూపీఐకి కలుపుకున్న రూపే క్రెడిట్ కార్డును తీసుకునే వీలు గేట్‌వేలో ఉంటే తెరిచి ఉంచండి.

కీప్యాడ్ ఫోన్ ఉన్న పెద్దవాళ్లు?

వాళ్ల కోసం యూపీఐ 123పే 2022 మార్చి నుంచి ఉంది. వెబ్‌సైట్ ఆర్డర్లకు అది పెద్దగా అక్కరకు రాదు. ఫోన్లో ఆర్డర్ తీసుకుని, పిల్లల వాట్సాప్‌కు పేమెంట్ లింకు పంపడమే సులువు.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

గేట్‌వే డబ్బు సాధారణంగా రెండు మూడు పనిదినాల్లో, సీవోడీ డబ్బు డెలివరీ అయ్యాక వారం పది రోజుల్లో. "పనిదినాల్లో" అనే మాట దగ్గరే దెబ్బతింటారు. భోగి, సంక్రాంతి, కనుమ, రెండో శనివారం, ఆదివారం కలిసి వస్తే గేట్‌వే డబ్బు వారం దాకా కదలదు. బెల్లం, నెయ్యి కొనే డబ్బు ఆ వారం ఆర్డర్ల మీద పెట్టుకోకండి. డిసెంబరులోనే తీసి పక్కన పెట్టండి.

ఖాతాలో పడేది రుసుము పోగా మిగిలిన మొత్తం. పుస్తకంలో మాత్రం అమ్మకం 800, రుసుము 18.88 అని విడివిడిగా రాయండి. జీఎస్టీ ఉన్నవారికి ఆ 2.88 మీద క్రెడిట్ వస్తుంది.

వాపసు ఎలా ఇవ్వాలి?

ముందు కట్టినదైతే వచ్చిన దారిలోనే. ఐదారు పనిదినాలు పడుతుందని, వాపసు నంబరు ఇదని అదే రోజు మెసేజ్ పెట్టండి. గేట్‌వే రుసుము చాలాచోట్ల మీకు తిరిగి రాదు. సీవోడీ వాపసుకు యూపీఐ ఐడీ మాత్రమే అడగండి. కార్డు నంబరు, ఓటీపీ అడిగే షాపును ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కార్డు నంబర్లను షాపులు దాచుకోవడాన్ని 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. ఫోన్లో చెప్పించుకుని డైరీలో రాసుకునే అలవాటుంటే ఇవాళే మానండి.

మార్పులు చేశాక అమ్మకాలు పెరిగాయో లేదో ఎలా చూడాలి?

ఒకేసారి నాలుగు మార్చకండి. ఒకటి మార్చి, రెండు వారాలు ఆగండి. పండగ వారాన్ని మామూలు వారంతో పోల్చకండి. గేట్‌వే డాష్‌బోర్డులో పద్ధతివారీగా ఎన్ని చెల్లింపులు మొదలయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి అని ఉంటుంది. పూర్తికానివాటి కారణాలు చదవండి. తప్పు పిన్, ఖాతాలో డబ్బు లేకపోవడం మీ చేతిలో లేనివి. "కొనేవారు మధ్యలో వదిలేశారు", "సమయం మించింది" అనేవి ఎక్కువగా ఉంటే మీ పేజీలో పని ఉంది.

దానికన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది. 5 రూపాయల వస్తువు ఒకటి సైటులో దాచిపెట్టి, ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, సిగ్నలు ఒక గీతే ఉండే చోటికి వెళ్లి మీరే కొనండి. ఒకసారి ఇన్‌స్టాగ్రామ్ లింకు నుంచి, ఒకసారి వాట్సాప్ నుంచి, ఒకసారి పిన్ కొట్టగానే యాప్ మూసేసి. మూడో ఆర్డర్ మీ జాబితాలో "పెండింగ్" అని కనిపిస్తే సైటు చేసిన కుర్రాడికి ఫోన్ చేయండి.